కాగితం పిల్ల

ఊదారంగు బెంచీ దగ్గరికి రాగానే ఓర్లీన్ కోటుకున్న సంఘం పిన్నును బొటనవేలితో ఒకసారి తడుముకుంటుంది. అలబామాలోని ఆ నల్లవారి కాలేజీలో ఆ బెంచీ ఆమె చేరిన అక్కచెల్లెళ్ళ సంఘానిది. బయటివాళ్ళు దాని మీద కూర్చోరు. మిగతావాళ్ళంతా ఎనిమిది వారాలు ఎత్తుల ప్రకారం వరసలో నిలబడి, తిట్లు తిని, వరసలో తమ చోటును చెప్పే అంకె తలా ఒకటి సంపాదించుకుని సంఘంలోకి వచ్చారు. ఓర్లీన్ వచ్చేనాటికి కాలేజీవాళ్ళు ఆ తంతును ఆపించారు. ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టి చేరింది. ఆమె కోటు వీపు మీద అంకె లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె బెంచీ చివర కూర్చుంది.

"నీ అంకె ఎంతే?" అంది అందరికంటే సీనియరు వెర్నెల్, వేయించిన చేప నములుతూ.

"నాకివ్వలేదక్కా."

"అక్కా అనకు. నీ ముందెవరు నిలబడ్డారో, నీ వెనకెవరు ఏడ్చారో చెప్పు. అప్పుడను."

"గాలొస్తోందర్రా, కాగితం ఎగిరిపోతుందేమో, ఎవరైనా పట్టుకోండి!" అంది ఇంకొకతె. అందరూ నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోయారు. ఓర్లీన్ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే, కాలేజీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి బూటు లేసు కట్టుకోవడానికి ఆ బెంచీ మీద కాలు పెట్టింది. ఓర్లీన్ ఆమె పుస్తకాలను గడ్డిలోకి తోసేసి, "ఎవరి బెంచీ అనుకున్నావే? కాలు తియ్యి!" అని గట్టిగా అరిచింది. వినడానికి సంఘంవాళ్ళెవరూ ఇంకా రాలేదు.