ముందు వరుసలో బావ

“చెప్పేముందు నన్నొక్క మాట అడగాలిగా? కుర్చీలు సర్దే మనిషిని పట్టుకుని సంఘపెద్ద అంటావా?”

“ఇప్పుడేమైందక్కా? ఎవరని పాస్టరుగారు అడిగారు, నోటికొచ్చింది చెప్పాను. పెరిగింది మీ ఆయన పరువేగా.”

“ఆ పరువు మొయ్యలేక ఆయన కాళ్ళు వణుకుతున్నాయిరా.”

చర్చి పక్కగదిలో అక్కాతమ్ముళ్ళు గొంతు తగ్గించే కీచులాడుకుంటున్నారు. తలుపు బయట చెప్పులు విప్పుతున్న బావకు ఒక్క మాటా పొల్లుపోకుండా వినిపించింది. పారిపోదామా అనుకున్నాడు. అప్పటికే ఒక చెప్పు విప్పేశాడు.

బావ పుట్టిందీ పెరిగిందీ పరాయి దేశంలో. ముత్తాత నాడెప్పుడో ఓడెక్కిన కుటుంబం. తెలుగు వంటింట్లో మిగిలింది, అంతే. కుర్రతనంలో గ్యారేజీలో చేరి గ్రీజులో మునిగి తేలాడు, తర్వాత స్కూలు బస్సు స్టీరింగు పట్టాడు. ఆదివారం అందరికంటే ముందు చర్చికి వెళ్ళి కుర్చీలు వేస్తాడు, వెనక బెంచీలో కూర్చుంటాడు, అందరూ వెళ్ళాక కుర్చీలెత్తి పెడతాడు. మైకంటే హడలు. పెళ్ళి ప్రమాణం తనకు తప్ప ఎవరికీ వినపడలేదని, కుట్టుపనికి అక్కడికొచ్చి అతన్ని చేసుకున్న భార్య ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఆమె పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చి, ఏదో ఒక మూల కూర్చుని నాలుగు పాటలు విందామనుకున్నాడు పాపం.

ముందు వరుసలో, తెల్లగుడ్డ పరిచిన కుర్చీలో కూర్చోబెట్టారు. పాటలు ఒక్కటీ చెవికెక్కలేదు. చివరికి పాస్టరుగారు లేచి, “దూరదేశం నుంచి వచ్చిన దైవజనులు ఇప్పుడు రోగుల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు” అన్నారు.

బావ వెనక్కి చూస్తే బామ్మర్ది పళ్ళికిలిస్తున్నాడు, భార్య నుదురు కొట్టుకుంటోంది.

వరుస కట్టారు. మోకాలి నొప్పి, నిద్రపట్టని జబ్బు, ఎంతకీ తగ్గని దగ్గు. ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టి పెదాలు కదిపాడు. తర్వాత ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడ తన కూతుర్ని ముందుకు తోసింది.

“పిల్లకి మూర్ఛలయ్యగారూ. మీ చెయ్యి పడితే చాలు. ఇంటికెళ్ళగానే ఆ మాత్రలు చెత్తలో పారేస్తా.”

బావ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అతని చెల్లెలిదీ ఇదే జబ్బు. ఇలాగే ఎవరో అతిథి వచ్చి ప్రార్థన చేసి వెళ్ళాడు. అమ్మ మాత్రలు ఆపేసింది. వారం తిరక్కుండా, మూర్ఛొచ్చి మునిగిపోయిన చెల్లెల్ని నీళ్ళతొట్టిలోంచి బయటికి తీసింది బావే.

నేను బస్సు డ్రైవర్నమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. డ్రైవరు మాట ఎవరు వింటారు? పిల్ల తల మీద చెయ్యి పెట్టి, నిజంగానే ప్రార్థించాడు.

“అమ్మా, మాత్రలు మాత్రం ఆపొద్దు.”

“అంటే నా విశ్వాసం చాల్లేదా అయ్యగారూ?”

“చాలుతుంది. డాక్టరు ఆపమనేదాకా వెయ్యి. ప్రార్థన చేసినవాణ్ణే చెబుతున్నా.”

ఆవిడ తలూపింది. మాత్రలు ఆపొద్దని డాక్టరు చెప్పినప్పుడు బావ వాళ్ళమ్మ కూడా సరిగ్గా ఇలాగే ఊపింది.

ఆరాధన అయ్యాక బామ్మర్ది బండి తుడుస్తూ ఉబ్బిపోతున్నాడు. కాలేజీ మధ్యలో మానేసి, బండి మీద ఊరు కొలవడమే పనిగా పెట్టుకున్న మనిషి.

“అదరగొట్టేశావు బావా. అక్క ఊరికే కంగారుపడింది.”

బావ నవ్వలేదు. బండి పక్కకొచ్చి నిలబడ్డాడు.

“ఆ ఇస్త్రీ ఆవిడ ఇల్లు తెలుసా?”

“మన వీధి చివరే. ఏం?”

“రేపు మేం వెళ్ళిపోతాం. నువ్వెలాగూ ఊరంతా తిరుగుతావుగా, రోజూ సాయంత్రం ఆ గుమ్మం ముందు ఆగు. సంఘపెద్ద పంపాడని చెప్పు, డ్రైవరని మాత్రం చెప్పకు. పిల్ల మాత్ర మింగేదాకా అక్కణ్ణుంచి కదలకు. మింగిందని నాకు ఫోన్ చెయ్యి, బామ్మర్దీ.”