అక్క కుక్క, నేను దాచిన మాట

ఈ ఉదయం నంద్యాలలో మా ఇంటి వరండా కడుగుతుంటే ఫినాయిల్ వాసన గుప్పుమనడంతో, ఆళ్లగడ్డలో మేం పెరిగిన అద్దె ఇల్లు, మా అక్క సునీత పెంచిన మోతి అనే కుక్క గుర్తుకొచ్చాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, అక్కకు పన్నెండు. క్రిస్మస్ దగ్గర పడిన ఆ చలి పొద్దుల్లో అమ్మ నిప్పట్లు చేస్తుంటే నువ్వులు, కారం వేగే వాసన వీధి దాకా పోయేది. మేం రంగు కాగితాలు కత్తిరిస్తూ కూర్చుంటే మోతి నా చేతిలోని నిప్పట్టు తినేసి, మళ్లీ అక్క పక్కకే చేరి ఆమె మొహమే చూసేది. మార్కులు, చర్చిలో పాట, నాయన మెప్పు అన్నీ అక్కవే. చివరికి కుక్క కూడా ఆమెదేనని నాకు కడుపుమంట.

ఒకరోజు గేటు దగ్గర మోతి కాలెత్తి చాలాసేపు నిలబడింది. చుక్కలే పడ్డాయి, అవీ ఎర్రగా. నేను కాలితో మన్ను తోసి కప్పేశాను. ఆ తర్వాత అది ఇంట్లోనే అక్కడక్కడా తడిపేస్తుంటే అమ్మ ఫినాయిల్ పోసి కడుగుతూ, "ఏందే సునీతా, నీ కుక్క ఇల్లంతా పాడు చేస్తాంది! బయట కట్టేయ్" అని అరిచేది. అక్కకు తిట్లు పడటం చూస్తుంటే నాకెంత హాయిగా ఉండేదో.

పదో రోజు మోతి లేవలేదు. పొట్ట బిగిసిపోయి, ముట్టుకుంటే మూలిగింది. నాయన ఆటో మాట్లాడి మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని నంద్యాల పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారంతా దాని తల అక్క ఒళ్లోనే.

"ఎన్ని దినాల్నుంచి ఇట్లుండాది? రక్తం పడిందా?" అన్నాడు డాక్టరు.

నాయనకు తెలియదు. అక్క ఏడుస్తోంది. "పది దినాలైంది సార్, నేను చూసినా" అనేశాను.

"చూసి ఏంటికి చెప్పకపోతివి?" అంటూ నాయన చెయ్యెత్తాడు.

అక్క అడ్డమొచ్చింది. "కొట్టొద్దు నాయనా. చిన్నది, దానికేం తెలుసు?"

దెబ్బ పడి ఉంటే బాగుండేది. మంచితనం కూడా ఆమెదే అయిపోయింది.

డాక్టరు సన్న గొట్టం వేసి మూత్రం తీసి, మరునాడు ఆపరేషన్ చేసి మూత్రాశయంలోని రాళ్లు తీశాడు. "ఇంకో పూట ఆగింటే చచ్చిపోయేది. నీళ్లు బాగా తాపండి, మాటిమాటికి బయట తిప్పండి" అన్నాడు. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. అన్నంలో నీళ్లు ఎక్కువ కలిపి పెట్టి, రోజుకు ఐదారుసార్లు తిప్పుతూ, ధార సాఫీగా పడుతోందా, రంగు మారిందా అని వంగి చూసేదాన్ని. ఇంటికి తెచ్చి గొలుసు విప్పగానే మోతి అక్క దగ్గరికే పరుగెత్తేది. అట్లా ఇంకో ఆరేళ్లు బతికింది.

ఇప్పుడు ఆ ఇల్లు కొట్టేసి దుకాణాలు కట్టారు. మట్టి వీధంతా సిమెంటైంది. డోన్‌లో టీచరుగా ఉన్న అక్క తన పిల్లలకు మోతి సంగతి చెప్పేటప్పుడు, "మీ చిన్నమ్మ చూసి చెప్పబట్టే బతికింది" అంటుంది. పిల్లలు నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. ఆ పది రోజుల మాట ఆమె ఒక్కసారైనా ఎత్తలేదు. అందుకే ఆమె మీద నాకు ఇప్పటికీ అసూయ.