ఎమ్మా అని పిలిపించుకున్న జయమ్మ

జయమ్మ ఐర్లండులో దిగింది 2001 సెప్టెంబరులో. పుట్టింది చీరాలలో, నర్సింగు చదివింది గుంటూరులో. అక్కడే ఎనిమిదేళ్ళు పనిచేసి, ముప్పై రెండో ఏట ములింగార్ అనే ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. గుంటూరులో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆస్పత్రి. ఆపరేషన్లు, పురుళ్ళు, పొద్దున్నించీ హడావిడి. ఇక్కడ ఆ మాటకు అర్థం వయసు మళ్ళినవాళ్ళు ఉండే ఇల్లు అని ఆమెకు గేటు దాటి లోపలికి వెళ్ళాకే తెలిసింది.

మొదటి రోజు నోరీన్ అనే పెద్ద నర్సు పేరు అడిగింది. జయమ్మ తన పేరు చెప్పింది. నోరీన్ చెవికి అది 'జే ఎమ్మా' అని వినబడింది. డ్యూటీ చార్టులో 'ఎమ్మా' అని రాసుకుంది. మర్నాటికి ఛాతీ మీద పెట్టుకునే పేరు బిళ్ళ కూడా అలాగే తయారై వచ్చింది. కాదని చెప్పడానికి జయమ్మకు ఒక్క నిమిషం చాలు. కానీ చెప్పలేదు.

దానికి కారణం ఉంది. జయమ్మ వాళ్ళ నాయనమ్మ పేరు. నర్సింగు స్కూల్లో తోటివాళ్ళంతా సుదేష్ణలు, మైథిలులు. హాజరు పిలిచేటప్పుడు తన వంతు వస్తే వెనక బెంచీలో కిసుక్కుమనేవారు. "ఏం జయమ్మత్తా, పిండి రుబ్బడం అయిందా?" అని అడిగేవారు. పంతొమ్మిదేళ్ళకే ముసలమ్మను చేసిన పేరది. అలాంటిది ఎవరో పిలిచి కొత్త పేరు ఇస్తే, ఇస్త్రీ మడత నలగని చీర కట్టుకున్నట్టే అనిపించింది. ఆ ఆదివారం ఫోన్లో భర్త తేజేశ్వర్‌కు ఆ సంగతి చెబితే అతను నవ్వి, ఆ పేరుకు అర్థమేంటని అడిగాడు. ఆమెకు తెలియదు.

రెండేళ్ళ తర్వాత తేజేశ్వర్, ఏడేళ్ళ కూతురు మధులిక వచ్చారు. ఊరి చుట్టూ అప్పట్లో నెలకో కొత్త ఇళ్ళ వరుస లేస్తోంది. వాటిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మధులిక బళ్ళో చేరిన నాలుగు నెలలకు 'మ్యాడీ' అయిపోయింది. తల్లి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది. అన్నం ఎలా ఉందంటే, బాగుందనడానికి అక్కడివాళ్ళ లాగే "గ్రాండ్" అనేది. తాను ఎమ్మాగా తిరుగుతూ పిల్లను ఏమనగలదు?

ఆ శీతాకాలం మొదట్లో మిస్ గెరాటీ అనే ఆవిడ తుంటి ఎముక విరిగి జయమ్మ పనిచేసే నర్సింగ్ హోమ్‌కు చేరింది. ఎనభై ఒకటో ఏడు. పెళ్ళి చేసుకోలేదు. పల్లెటూరి బళ్ళో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పింది. మనిషి లేవలేకపోయినా తెలివి చురుగ్గా ఉండేది. ఎవరు కనబడినా పేరు అడిగి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆమె అలవాటు. బళ్ళో ప్రతి పిల్ల పేరుకూ ప్రాస కట్టి అక్షరాలు నేర్పేదట.

ఒక ఉదయం జయమ్మ ఆమెకు జుట్టు దువ్వుతుంటే, నీ పేరుకు అర్థం తెలుసా అని అడిగింది. తెలియదంది జయమ్మ.

"పాత జర్మను మాట నుంచి వచ్చింది. సంపూర్ణం అని అర్థం. ఏ లోటూ లేనిది అన్నమాట," అంది మిస్ గెరాటీ. వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సు తీరంలోని నార్మండీ నుంచి ఎమ్మా అనే అమ్మాయి సముద్రం దాటి ఇంగ్లండు రాజుకు భార్యగా వచ్చిందనీ, అక్కడివాళ్ళు ఆమెకు తమ భాషలో వేరే పేరు పెట్టారనీ చెప్పింది. తర్వాత ప్రాసలు వెతికింది. జెమ్మా అనే పేరు ఒకటి. ఎటూ తేల్చుకోలేని ఇబ్బందిని చెప్పే డైలెమ్మా ఇంకొకటి. అంతకుమించి దొరకవంది.

"బళ్ళో ఎమ్మాలు వస్తే నాకు కష్టంగా ఉండేది. మరి మీ దేశంలో ఎమ్మాలు ఉంటారా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు జయమ్మకు. తన అసలు పేరు చెప్పింది. జయ అంటే గెలుపు, అమ్మ అంటే తల్లి అని వివరించింది. మిస్ గెరాటీ ఆ పేరును నాలుగుసార్లు పలికి చూసుకుంది. మొదట 'జాయమా' అంది, తర్వాత 'జయామ' అంది. నాలుగోసారి మకారాన్ని నొక్కి సరిగ్గా అనేసింది.

"దీనికి ప్రాస ఉందా?"

జయమ్మకు నవ్వొచ్చింది. తమ వీధిలో ఉన్న పేర్లన్నీ వరసగా చెప్పింది. రంగమ్మ, మంగమ్మ, నాగమ్మ, సుబ్బమ్మ, వెంకమ్మ, పిచ్చమ్మ. ముసలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. వీధి వీధంతా ప్రాసేనా అని ఆశ్చర్యపోయింది. మళ్ళీ చెప్పమంది. చిటికె వేస్తూ తనూ అనడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి జుట్టు దువ్వినంతసేపూ వాళ్ళిద్దరికీ అదే ఆట. కానీ వేరేవాళ్ళు గదిలోకి వస్తే మాత్రం ఆవిడ ఎమ్మా అనే పిలిచేది. అది నీ ఇష్టానికి సంబంధించిన విషయం, నేను బయటపెట్టను అనేది.

మార్చిలో మిస్ గెరాటీకి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి మూడు వారాలకు తిరిగొచ్చింది కానీ కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది. తిరిగి చెప్పబోతే గొంతులో గరగర తప్ప ఏమీ రాదు. జీవితమంతా మాటలతో బతికిన మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

మాట నేర్పే డాక్టరమ్మ పదిహేను రోజులకోసారి వచ్చేది. మామూలుగా మాట రానివాళ్ళకు కూడా పాటలూ పద్యాలూ ఒక్కోసారి నోటికొస్తాయని చెప్పి, చిన్నపిల్లల ప్రాసలు చదివించమంది. జయమ్మ తన భోజనం వేళలో వెళ్ళి కూర్చునేది. పిల్లి, టోపీ, చాప అంటూ ఇంగ్లీషులో ఒకే తీరుగా ముగిసే చిన్న మాటలు చదివితే మిస్ గెరాటీ ముఖం తిప్పేసుకుంది. వాటిని తరతరాల పిల్లలకు తనే నేర్పింది. ఇప్పుడు తన ముందు పెడితే అవమానంగా ఉండదూ? జయమ్మకు ఆ సంగతి అర్థమైంది. పుస్తకం మూసేసి తన వీధి పేర్లు అందుకుంది. చిటికె వేస్తూ, ఆపుతూ, మళ్ళీ వేస్తూ. ముసలావిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. అలా ఐదు వారాలు గడిచాయి. మాట రాలేదు కానీ, ఎడమచేతి వేళ్ళు మాత్రం దుప్పటి మీద లయ తప్పకుండా కదిలేవి.

మే నెలలో ఒక మధ్యాహ్నం జయమ్మ "రంగమ్మ" అని ఆగింది. మిస్ గెరాటీ పెదవులు వణికాయి. "మంగమ్మ" అంది. స్పష్టంగా, మకారం నొక్కి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జయమ్మ చిటికె వేసింది. "నాగమ్మ," అంది ఆవిడ.

మర్నాడు వేరే నర్సు రాసిన రికార్డులో 'అర్థం లేని శబ్దాలు చేస్తోంది' అని ఉంది. ఆ వారమే మిస్ గెరాటీ వైద్యం గురించి సమావేశం. నోరీన్, డాక్టరమ్మ, మిస్ గెరాటీ అన్న కొడుకు కూర్చున్నారు. రెండు నెలలైనా ఒక్క మాట రాలేదు కాబట్టి ఆ పాఠాలు ఆపేద్దామని నోరీన్ చెబుతోంది. ఆమెది చెడ్డ మనసు కాదు. ముసలావిడను ఊరికే అలసిపోనివ్వడం ఎందుకని ఆమె ఉద్దేశం. అన్న కొడుకు తలవంచుకుని కూర్చున్నాడు.

జయమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"అవి శబ్దాలు కావు. మాటలే," అంది. "మంగమ్మ, నాగమ్మ. మా భాషలో ఆడవాళ్ళ పేర్లు. ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా చెబుతోంది."

డాక్టరమ్మ తల ఎత్తింది. మిస్ గెరాటీ నోటికి ఆ పేర్లెందుకు వచ్చాయని అడిగింది.

"నా పేరుతో ప్రాస కుదురుతాయి కనక."

"నీ పేరు ఎమ్మా కదా," అంది నోరీన్.

"కాదు. జయమ్మ. మొదటి రోజే చెప్పాను. మీరు ఎమ్మా అనుకున్నారు. నేనూ ఊరుకున్నాను."

మూడేళ్ళు ఏమీ అనకుండా ఎలా ఉన్నావని అడగబోయి నోరీన్ ఆగిపోయింది. డాక్టరమ్మ లేచి, ఆ మాటలు తను వినాలంది. అందరూ మిస్ గెరాటీ గదికి వెళ్ళారు. జయమ్మ మంచం పక్కన కూర్చుని చిటికె వేసింది. అంతమందిని చూసి ముసలావిడ బెదిరింది. నోరు తెరిచింది, రాలేదు. రెండోసారీ రాలేదు. అన్న కొడుకు తలుపు వైపు తిరిగాడు. జయమ్మ ఇక పేర్లు అందివ్వడం మానేసి, ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని ఊరుకుంది.

చాలాసేపటికి మిస్ గెరాటీ ఆమె ముఖంలోకి చూసి, "జయమ్మ," అంది.

పాఠాలు ఆపలేదు. పేర్ల లయ మీద ఇంగ్లీషు మాటలు ఎక్కించే పద్ధతిని డాక్టరమ్మ కనిపెట్టింది. వేసవి ముగిసేసరికి నీళ్ళు, కిటికీ, వద్దు, రేపు లాంటి మాటలు ఓ నలభై తిరిగొచ్చాయి. కొన్ని తికమకలు మిగిలాయి. టీ కావాలంటే ఎందుకో సుబ్బమ్మ అనేది. ఆ అంతస్తులో పనిచేసేవాళ్ళందరికీ సుబ్బమ్మ అంటే టీ అని అలవాటైపోయింది. ఎవరూ సరిదిద్దలేదు.

పేరు బిళ్ళ మీద ఏం రాయించమంటావని నోరీన్ అడిగింది. జయమ్మ రెండు రోజులు ఆలోచించుకుంది. ఎమ్మా అనే పేరు మీద ఆమెకు కోపం లేదు. లోటులేనితనం అనే ఆ అర్థం నచ్చింది కూడా. చివరికి జయమ్మ అనే రాయించుకుంది. సగం మంది ఎమ్మా అనే పిలిచేవారు, ఆమె పలికేది. కూతురు బిళ్ళ చూసి, బళ్ళో తన పేరు మార్చేయమని గొడవ చేయవు కదా అని ఇంగ్లీషులో అడిగింది.

"చెయ్యనులే. నీకేది బాగుంటే అదే ఉంచుకో. కానీ ఎవరన్నా అర్థం అడిగితే చెప్పటం రావాల," అంది జయమ్మ. మధులిక అంటే ఏమిటో ఆ సాయంత్రం తల్లీ కూతుళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు.

మిస్ గెరాటీ 2006 ఫిబ్రవరిలో నిద్రలోనే పోయింది. ఆ మరుసటి ఏడు జయమ్మ డ్రోహెడాలో ఒక పెద్ద ఆస్పత్రికి మారింది. పక్షవాతం వచ్చినవాళ్ళను చూసే వార్డు అడిగి మరీ తీసుకుంది. అక్కడ కొత్త మనిషి చేరితే ఇంటివాళ్ళను పక్కకు పిలిచి, ఈయన చిన్నప్పుడు వీధిలో ఎవరెవరు ఉండేవాళ్ళు, ఏ పేర్లతో పిలుచుకునేవాళ్ళు అని అడిగి, ఒక కాగితం మీద రాసుకుంటుంది.