పెద్ద గోదారి వచ్చిన ఏడు

మా స్కూల్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు సంగతి లెక్కల సార్ చూసుకుంటాడు, కాగితం సంగతి నేను చూసుకుంటాను. కాగితమంటే ఆ మనిషి పుట్టిన సంవత్సరం గురించిన కాగితం. ఆ ఏడు ప్రపంచంలో ఏమేం జరిగాయి, పేరున్నవాళ్ళు ఎవరెవరు పుట్టారు అన్నీ ఇంటర్నెట్‌లో వెతికి, పది వాక్యాలకు కుదించి, భద్రాచలంలో ఫొటో స్టూడియోకి వెళ్ళి రంగుల్లో ప్రింటు తీయించి ఫ్రేము కట్టిస్తాను. సోషల్ టీచర్ని కదా, ఆ మాత్రం గొప్ప చూపించుకోకపోతే నిద్ర పట్టదు. ఫ్రేము విప్పగానే అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు కేకు కోసిన మనిషికే అనుకునేంత అమాయకురాలిని కాను. సగం నావే.

ఆరు నెలల కిందట లెక్కల సార్ పుట్టినరోజు. ఆయనది 1986. మంచి సంవత్సరం దొరికిందని సంబరపడ్డాను. తోకచుక్క వచ్చిన ఏడు. ఆకాశంలోకి లేచిన వ్యోమనౌక నిమిషం దాటిన కాసేపటికే ముక్కలైపోయిన ఏడు, అందులో ఒక టీచరమ్మ కూడా ఉంది. సినిమా చూసి నడుచుకుంటూ ఇంటికి పోతున్న ఒక దేశ ప్రధానిని వీధిలో కాల్చేశారు. సోవియట్ దేశంలో అణు విద్యుత్ కేంద్రం పేలింది. ఫుట్‌బాల్ కప్పు అర్జెంటీనా పట్టుకుపోయింది. పుట్టినవాళ్ళలో ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తే మనిషి ఉన్నాడు, ఎడమ చేత్తో టెన్నిస్ ఆడే స్పెయిన్ వాడున్నాడు. ఇవన్నీ రాసి చివర్న మా సార్ పేరు కూడా చేర్చాను.

స్టాఫ్ రూములో దాన్ని గొంతు సవరించుకుని చదువుతుంటే వంటామె గుమ్మంలో నిలబడి వింటోంది. మా స్కూలు సారపాక దాటి అడవి వైపు పోయే దారిలో ఉంది. ఆమెది ఆ ఊరే, కోయవాళ్ళ అమ్మాయి. పదేళ్ళుగా పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతోంది. దానికి వారం ముందే ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి ఉద్యోగానికి వెళ్ళి తిరిగొచ్చింది. నెలనెలా జీతం, పిల్లతో సహా అక్కడే ఉండటానికి గది. వంట చేయించి చూశారట, బాగుందన్నారట. గుర్తింపు కార్డు చూసి వయసు దాటిందని పంపించేశారట. ఆ రోజు నేను కూడా అయ్యో అన్నాను.

చదవడం అయిపోయింది. చప్పట్లు కొట్టారు. అప్పుడామె అంది.

"గోదారి రాయలేదేంది మేడం?"

"ఏ గోదారి?"

"ఎనభై ఆరు అంటే పెద్ద గోదారి వచ్చిన ఏడే గద. మా ఊరంత గుట్టెక్కింది. నన్ను గంపల పెట్టుకొని మా అమ్మ నెత్తిన ఎత్తుకున్నదట. ఇంక నడక గూడ రాలేదట నాకు."

లెక్కల సార్ తల ఊపాడు. నిజమే. ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పే మాట అది. 2022లో వరద వచ్చినప్పుడు కూడా ముసలివాళ్ళు కరకట్ట మీద నిలబడి, అప్పటి గోదారికి ఇది తక్కువే అన్నారు. ఎక్కడో మెక్సికోలో ఆడిన ఫుట్‌బాల్ ఆట నా కాగితం మీదికొచ్చింది గానీ పది మైళ్ళ దూరంలో ఊళ్ళు ముంచిన నీళ్ళు రాలేదు. ఎనభై ఆరులో నాకు పదేళ్ళు. మా ఊరు తల్లాడలో మా నాన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఆ వార్త విన్నాడు. తెలియక కాదు, తట్టలేదు. సిగ్గేసింది గానీ అది చిన్న సిగ్గు. అసలుది ఆ వెనకే వచ్చింది.

నా నోరు ఊరుకోదు కదా. "అయితే నువ్వూ సార్ ఈడేనే! ముప్పై తొమ్మిదేళ్ళకి వయసు దాటడమేంటి?" అన్నాను.

"కార్డుల యాభై రెండు ఉన్నది మేడం."

"యాభై రెండా? ఏ గుడ్డివాడు రాశాడు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీరే గద మేడం రాసిన్రు," అంది. నిష్ఠూరంగా కాదు. అన్నంలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను నింపింది ఫారమే, కంప్యూటర్ దగ్గర ఎవరో తప్పు కొట్టుంటారు," అన్నాను. లెక్కల సార్ కేకు ముక్కలు చేసే పనిలో పడ్డాడు.

ఎవరూ తప్పు కొట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

2011లో ఈ గుర్తింపు కార్డుల కోసం ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపే పని మా టీచర్లకు పడింది. నేను ఈ స్కూలుకు కొత్తగా వచ్చిన రోజులు. అడవి ఊళ్ళలో పుట్టిన తేదీ అడిగితే పెద్ద గోదారి అంటారు, పులి ఎద్దును పట్టిన ఏడంటారు, ఇప్పపూలు బాగా రాలిన ఏడంటారు. వాటన్నిటినీ కూర్చుని సంవత్సరాలుగా మార్చాలంటే పొద్దు చాలదు. అందుకని మాకు ముందునుంచీ ఒక పద్ధతి ఉంది. తల్లి వయసు కావాలంటే పెద్ద బిడ్డ వయసుకు ఇరవై కలుపు. మొహం వాడిపోయి ఉంటే ఇంకో రెండు కలుపు. తేదీ ఏదంటే జనవరి ఒకటి. ఆ లెక్కన ఆ ఊళ్ళో సగం మంది ఒకే రోజు పుట్టారు. దాని మీద మేం స్టాఫ్ రూములో జోకులు కూడా వేసుకున్నాం.

ఆ రోజు ఆమె పొయ్యి దగ్గర ఉంది. చుట్టూ నలుగురు ఆడపిల్లలు. పెద్దపిల్లకు పదహారు. పదహారుకి ఇరవై, పైన రెండు, ముప్పై ఎనిమిది. 1973. నిమిషం కూడా పట్టలేదు. ఆ నలుగురిలో చంటిది ఒక్కటే ఆమె కన్నదని తర్వాతెప్పుడో తెలిసింది. మిగతా ముగ్గురూ చనిపోయిన అక్క పిల్లలు. ఆమెకప్పుడు పాతికేళ్ళు. పిల్లలు నీవాళ్ళేనా అని అడిగితే అవ్ అంది. తన దగ్గర పెరుగుతున్న పిల్లల్ని ఏ మనిషి కాదంటుంది? నువ్వెప్పుడు పుట్టావు అని మాత్రం నేనడగలేదు. అడిగుంటే చెప్పేది, గంప సంగతి, గుట్ట సంగతి. నాకు ఎండ ఎక్కక ముందే ఇంకో రెండు ఇళ్ళు అవ్వాలి.

మర్నాడు సెలవు పెట్టి ఆమెను భద్రాచలంలో కార్డులు సరిచేసే చోటికి తీసుకెళ్ళాను. హాస్టల్ వాళ్ళు ఇంకా ఎవరినీ తీసుకోలేదు. కార్డు జల్దీగా మారితే ఆ పని ఆమెకే. బస్సులో నా పక్కన కూర్చుని, హాస్టల్లో గది ఇస్తే బిడ్డను కూడా తెచ్చుకుంటానని, పక్కనే కాలేజీ కదా అని చెబుతూ ఉంది. నేను ఊఁ కొడుతూ వచ్చాను.

అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే. ఊరి పెద్దల సంతకాలతో తెచ్చిన కాగితం చూశాడు. "పదమూడేండ్ల తేడా అంటే ఊకెనే మార్చరు మేడం. తప్పెట్ల పడ్డదో రాసియ్యాలె. ఫారం నింపినోళ్ళు అందాజగ రాసినమని రాసిస్తే జల్దీ అయితది. లేదంటే ఆమెనే తప్పు చెప్పిన్నని రాసియ్యాలె. గట్లయితే పైకి పోయి రావాలె, నెలలు పడ్తది," అన్నాడు.

బయట బల్ల మీద కూర్చుని తెల్ల కాగితం తీశాను. నేను అందాజుగా రాశాను అని రాస్తే పోయేది. ఒక్క వాక్యం. కానీ ఆ ఏడు నేను అట్లా నింపిన ఫారాలు ఆమెదొక్కటే కాదు. ఒకటి ఒప్పుకుంటే మిగతావి తవ్వుతారు, మెమో వస్తుంది, హెడ్మాస్టర్ ప్రమోషన్ లిస్టులో నా పేరుంది. ఇవన్నీ నా బుర్రలో వరసగా వచ్చాయి. ఆమె పిల్ల కాలేజీ మాత్రం రాలేదు. అప్పుడు రాయడం మొదలుపెట్టాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు.

ఆమె చదవమంది. చదివాను. "నాకు చదువు రానందున, అప్పట్లో నా వయస్సు పొరపాటుగా చెప్పితిని."

ఆమె ఆ కాగితం వంక చూసింది. "నేను చెప్పలేదు గద మేడం," అంది మెల్లగా.

"ఆఫీసుకి ఇట్లాగే రాయాలమ్మా. ఇది పద్ధతి."

"గట్లనే రాయాల్నంటే గట్లనే," అని పెన్ను తీసుకుంది. ఆమెకు సంతకం నేర్పింది నేనే. ఒక్కో అక్షరం ఆగి ఆగి, గీత దాటకుండా పెట్టింది. ఆమె ముఖం చూడలేక నేను రోడ్డు మీద పోతున్న వెదురు లారీని చూస్తూ కూర్చున్నాను.

కార్డు మారి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి హాస్టల్లో ఎవరినో తీసుకున్నారు. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. "పోనీలే మేడం, నాకోసం మీరెంత తిరిగిన్రు," అంది. ఆ కాగితం మీద నేనేం రాశానో ఇంటికొచ్చి మా ఆయనతో కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను గానీ రాసినంత మాత్రాన సిగ్గు పోలేదు.

పోయిన వారం పింఛను ఫారాలు నింపడానికి ఊరి ఆడవాళ్ళను స్కూలుకు రమ్మన్నాం. నేను ఆఫీసు గదిలో కాగితాలు సర్దుకుంటున్నాను. బయట వరండాలో వంటామె గొంతు వినిపించింది. ఎవరో ముసలామెను పక్కన కూర్చోబెట్టుకుని సముదాయిస్తోంది.

"భయపడకు పెద్దమ్మా. మేడం మంచిగ రాస్తది. నువ్వే నీ వయసు సక్కగ యాది చేసుకొని చెప్పు. నేనట్లనే తప్పు చెప్పి, హాస్టల్ పని పోగొట్టుకున్న."

నేను కుర్చీలోంచి లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. తర్వాత వెనక్కి వచ్చి, లోపలికి రమ్మని మొదటి పేరు పిలిచాను.