కుచ్చిళ్ల ఆకు చెట్టు

దయ్యాలనూ శకునాలనూ నేను ఏ రోజూ లెక్కలోకి తీసుకోలేదు. హిందూపురంలో మెకానికల్ డిప్లొమా చదివాను. అక్కడే ఒక చిన్న ఫ్యాక్టరీలో విడిభాగాల కొలతలు సరిచూసే పనిలో చేరాను. వస్తువు డ్రాయింగులో ఉన్నట్టే ఉందా లేదా, అంతే నా ఉద్యోగం. ఇప్పుడు చెప్పేది కూడా ఒక డ్రాయింగు, ఒక వస్తువు గురించే.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద గడి గడీ నింపి బొమ్మ తయారుచేస్తే, దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతుంటే బొమ్మ చీరలోకి వస్తుంది. నాయన అంచు బొమ్మలో సగమే గీసేవాడు. మిగతా సగం మగ్గమే అద్దంలో చూపినట్టు తిప్పి నేస్తుంది. ఇది ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పద్ధతే.

ఆయనకు మాత్రమే ఉన్న పద్ధతి ఇంకొకటి. కంటితో చూడనిది గీయడు. కాగితం మూలన, ఎక్కడ నిలబడి ఎప్పుడు చూశాడో పెన్సిల్‌తో రాసుకునేవాడు. "వంక గట్టు. పొద్దున. ఎండ వెనకాల." ఇలా.

తొంభై తొమ్మిదిలో కాలేజీ లైబ్రరీ పుస్తకంలో ఒక ఆకు ఫోటో చూసి జిరాక్స్ తీయించాను. అది తాటిజాతి చెట్టు ఆకు. చీలికలు లేకుండా గొడుగులా గుండ్రంగా, మడతలు మడతలుగా ఉంది. ఫోటోలో ఆ ఒక్క ఆకే ఉంది. కాండం లేదు, నేల లేదు.

నాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "చీర కుచ్చిళ్లు పోసినట్టు ఉండాది గదబ్బా."

"గీస్తావా నాయనా?" అన్నాను.

"బొమ్మను చూసి బొమ్మ గీస్తే అది ఎంగిలి కూడు. చెట్టు యాడుందో కనుక్కో. పోదాం."

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అవ్వ పెనుకొండలో ఉండేది. ఆదివారం నేను హిందూపురం నుంచి, నాయన ధర్మవరం నుంచి ప్యాసింజరు బండి ఎక్కి పెనుకొండలో దిగేవాళ్లం. అవ్వ ఇంట్లో నేల మీద రైల్వే టైంటేబులు పరుచుకుని కూర్చునేవాళ్లం.

"ఏమిరా, ఈతచెట్లు చూసేకి దినాలు దినాలు రైల్లో పోతారా? మన వంకలో ఉండేవి ఏం పాపం చేసినాయి?" అనేది అవ్వ.

"వాటిని చూసినా లేమ్మా. గీసినా గూడా."

"అట్లయితే నన్నూ పిల్చుకపోండి. మీరు చూస్తాంటే నేను ఆడ కూచోని ఇల్లూడ్చే పొరకలన్నా కట్టుకుంటా."

నేను ఒక పట్టిక తయారుచేశాను. తోట, ఊరు, బండి, దిగే సమయం, చూడాల్సిన చెట్లు, చివరి గడిలో "చూశామా". మొదట బెంగళూరు తోట ఒక్కటే రాశాను. తర్వాత కేరళలో రెండు, తమిళనాడులో ఒకటి, కలకత్తా దగ్గర గంగ ఒడ్డున ఇంకొకటి చేర్చాను. చెట్ల రకాలు ఇరవై ఏడయ్యాయి. ఒక్క రోజు కూడా వృథా కాకుండా ఒకే చుట్టులో అన్నీ చూసి రావాలని నా పట్టుదల. తోటలకు ఉత్తరాలు రాశాను. కుచ్చిళ్ల ఆకు చెట్టు తమ దగ్గర ఉందని కేరళలోని ఒక తోట నుంచి జవాబు మొదటి ఏడాదే వచ్చింది. మిగతావి రావాలని ఆగాను. ఈలోగా కొత్త టైంటేబులు వచ్చేది. బళ్లు మారేవి. పట్టిక మళ్లీ మొదటి నుంచి రాసేవాణ్ణి.

ఒక ఆదివారం నాయన అన్నాడు. "ఒక్క చెట్టు చాలబ్బా. దాని ముందర గంటసేపు నిలబడితే చాలు."

"ఇంకొక్క జాబు రావాల నాయనా. వస్తే అన్నీ ఒకేసారి చూడొచ్చు."

"సరేలే. నీ పట్టీ నిండనీ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేను మేల్కొనేవాణ్ణి.

రెండువేల మూడు శివరాత్రికి కొద్ది రోజుల ముందు, పొద్దున టీ తాగుతుండగా నాయన గుండె ఆగిపోయింది. అప్పటికి మేము ఆ ప్రయాణం గురించి నాలుగేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. ఒక్క టికెట్టు కూడా కొనలేదు.

దినాలు అయ్యాక ధర్మవరంలో ఆయన రేకుపెట్టె తెరిచాం. నాయనతో ఇరవై ఏళ్లు పనిచేసిన నాగప్ప మామ పక్కనే ఉన్నాడు. డిజైన్ల చుట్ట అడుగున ఒక గళ్ల కాగితం కనిపించింది. అందులో కుచ్చిళ్ల ఆకు ఉంది. ఒక్క ఆకు కాదు, చెట్టంతా ఉంది. సన్నటి కాండం కుడివైపుకు వాలి ఉంది. దాని పక్కన నేల నుంచి పైకి ఒక నిటారు గీత. కాండాన్ని తాకే చోట ఆ గీత పంగలా రెండుగా చీలింది.

నాగప్ప మామ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఏందప్పా ఇది? సగం గీసే మనిషి మొత్తం గీసినాడు. ఈ నిలువు గీత ఏంది? ఇది మగ్గానికి ఎక్కదు. మీ నాయన చేతిలో తప్పు రాదే!"

మూలన పెన్సిల్ రాత ఉంది. నాయన రాతే. "పొద్దున. వాన వెలిసినాక. మావోడు ఎడమ పక్కన ఉన్నాడు." ఊరి పేరు లేదు.

నాయన నాకు తెలియకుండా వెళ్లి వచ్చాడేమో అని అడిగాను. "పెండ్లికి పోయినా సందేళకు తిరిగొచ్చే మనిషి. యాడికి పోయినాడు?" అన్నాడు మామ. అంటే ఆశ తట్టుకోలేక తన నియమాన్ని తానే తప్పాడని అనుకున్నాను. చూడనిదాన్ని గీశాడు, పక్కన నన్ను కూడా రాసుకున్నాడు. అంతకంటే ఎక్కువ ఆలోచించలేకపోయాను. జిరాక్స్ ఒకటి తీయించి మామ దగ్గర ఉంచాను.

వెళ్లడానికి నాకు ఇంకా ఏడాదిన్నర పట్టింది. రెండువేల నాలుగు ఆగస్టులో, పట్టికలో మిగతా వరుసలన్నీ కొట్టేసి, ఆ చెట్టున్న కేరళ తోటకు మాత్రం టికెట్టు తీసుకున్నాను. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను.

తోటలోకి వెళ్లేసరికి పొద్దున తొమ్మిది దాటింది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. తాటిజాతి చెట్ల వరుసలు కొండవాలు మీద ఉన్నాయి. మా వైపు ఒక్క ఈతచెట్టు బతకడానికి పడే పాటు తెలిసినవాణ్ణి, ఆ పచ్చదనంలో ఒక్కో చెట్టు దగ్గరా ఆగుతూ నడిచాను. మలుపు తిరగగానే ఆ చెట్టు కనిపించింది.

కాండం కుడివైపుకు వాలి ఉంది. దానికి ఒక ఇనుప ఊత. పైన రెండుగా చీలి, ఆ పంగలో కాండాన్ని మోస్తోంది.

కవరు తీసి పోల్చాను. ఆకులు కాగితంలో తొమ్మిది, చెట్టుకు తొమ్మిది. కింది నుంచి రెండో ఆకు అంచు చిరిగి ఉంది, రెండింటిలోనూ. ఊత కాండాన్ని తాకేది కింది నుంచి మూడింట రెండు వంతుల ఎత్తులో, రెండింటిలోనూ.

దగ్గరలో పనిచేస్తున్న తోటమాలికి కొంచెం తమిళం వచ్చు, నాకు హిందూపురం కన్నడం. సైగలు కలిపి ఎలాగో మాట్లాడుకున్నాం. ఆ ఊత ఎప్పటిదని అడిగాను. జూన్ నెల గాలివానకు చెట్టు వాలిందట, అప్పుడు పెట్టారట. ఈ సంవత్సరం జూనేనా అని రెండుసార్లు అడిగాను. విసుక్కుని ఊత మొదలు దగ్గరి సిమెంటు చూపించాడు. దాని మీద ఇంకా నాచు పట్టలేదు. ఇనుము మీది పచ్చ పెయింటు గీరితే గోటికి వచ్చింది.

నాయన పోయి అప్పటికి పదిహేడు నెలలు దాటింది. ఒకవేళ ఆయన ఎప్పుడైనా రహస్యంగా వచ్చి ఉన్నా, అప్పటికి ఆ చెట్టు నిటారుగానే ఉండాలి.

ఒక్క తేడా మాత్రం కనిపించింది. నేను నిలబడిన చోటు నుంచి కాండం ఊతను కొంచెం కప్పుతోంది. కాగితంలో పంగకు కింద రెండింటికీ మధ్య రెండు గళ్ల ఖాళీ ఉంది. ఇది నా పని కాబట్టి లెక్క వెంటనే తట్టింది. చూసే కన్ను మూరెడు కుడికి జరిగితే ఆ ఖాళీ కనిపిస్తుంది. అంటే గీసిన మనిషి నా కుడి పక్కన నిలబడ్డాడు. నేను ఆయనకు ఎడమ పక్కన ఉన్నాను.

మూరెడు జరిగి సరిచూడడం ఒక్క అడుగు పని. ఏ కొలతనూ సగంలో వదలని వాణ్ణి. ఆ అడుగు వేయలేకపోయాను. ఆ చోటులోకి పోబుద్ధి కాలేదు. గంటసేపు, గడియారం చూసుకుని సరిగ్గా గంటసేపు, ఉన్నచోటనే నిలబడ్డాను. ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. ఆకుల మీది నీళ్లు మడతల్లోంచి జారి చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, అంతే.

ఆ కాగితం నా దగ్గరే ఉంది, జిరాక్స్ నాగప్ప మామ దగ్గర ఉంది. నాకు తోచిన కారణాలన్నీ రాసి ఒక్కొక్కటే కొట్టేశాను. కాకతాళీయం అన్నది ఒక్కటి మిగిలింది. తొమ్మిది ఆకులూ, ఒక చిరుగూ, ఒక పంగా ఆ మాటలో ఇమడవు. ఇంకొక మాట నాకు తెలియదు.

తిరుగుబండిలో పట్టిక తీశాను. ఆ ఒక్క వరుసలో "చూశామా" అన్న గడి ఖాళీగా ఉంది. అందులో రెండు టిక్కులు పెట్టాను.