సున్నాలు పోయి అంకెలొచ్చిన రాత్రి

పంతొమ్మిది వందల తొంభై ఏడు. గణపతి నిమజ్జనమైన మరుసటి రోజు, రాత్రి ఎనిమిది గంటలు. మహబూబ్‌నగర్‌లో, నా సొంత ఇంట్లో జరిగింది. నమ్మనివాళ్లు ఇక్కడే లేచి పోవచ్చు. నేను బతిమాలను.

రెండు గదులు దామోదర్‌కు కిరాయికిచ్చాను. కంప్యూటర్లు నేర్పే సెంటరు పెట్టాడు. ముందు గదిలో ఒకటి, వెనక గదిలో ఒకటి, రెంటినీ కలుపుతూ మధ్యన తీగ. నేర్పేది సుల్తానా. యాభై దాటాక నాకు అక్షరాలు, అంకెలు దిద్దించిందీ ఆ పిల్లే.

ఆ రాత్రి సుల్తానా సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం నడవాలి. నడవకపోతే రేపటి నుంచి పని లేదన్నాడు దామోదర్. వెనక గదిలోని కంప్యూటర్‌ను మధ్యాహ్నమే ఆన్ చేసి పెట్టింది పాపం. నేను పక్కనే కూర్చున్నాను.

టక్... టక్... తెర మీద సున్నా, చుక్క, సున్నా, చుక్క...

"సున్నలు సూపెట్టనీకేనా నీకు జీతం?" అన్నాడు దామోదర్.

"ఈ కంప్యూటర్ తన అడ్రసు అంకెలల్ల తానే చెప్పాలె సార్. ఫోన్ లెక్క అవతల, వెనక గదిలది ఎత్తుకుంటెనే చెప్తది. అప్పటిదాంక సున్నలే. జర ఆగుండ్రి, ఇంకోపారి కలుపుత."

మళ్లీ నొక్కింది. ఏమీ లేదు... ఏమీ లేదు...

వెనక గదిలో గుయ్య్... మని చప్పుడు. కంప్యూటర్ లోపలి ఫ్యాను. ముగ్గురం విన్నాం.

సున్నాలు పోయాయి. ఒకటి... తొమ్మిది... రెండు... చుక్క... వేలు పెట్టి చదివాను. చివరిదాకా చదివాను.

దామోదర్ నవ్వాడు. సుల్తానా వెనకదాన్ని ఆపడానికి వెళ్లింది.

"అమ్మా!"

సుల్తానా కేక విని ఉరికాం. కంప్యూటర్ ఆరిపోయి ఉంది. ప్లగ్గు... నేల మీద పడి ఉంది.

"వానకు కప్పు కురుస్తాందని పొద్దుగూకినంక నేనే పీకిన... యాది మర్సిన," అన్నాడు దామోదర్. నేను డబ్బా మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

ముందు గదికొచ్చేసరికి తెర మీద అంకెలు లేవు. దామోదర్ మాట మార్చాడు. "అంకెలేడియి? సున్నలే వచ్చినయ్. రేపటి సంది రాకు సుల్తానా."

"నేను సదివిన," అన్నాను.

"నిన్నగాక మొన్న బలపం పట్టినవ్ యాదమ్మా. నీకేమెర్క?"

"నేను ముందుగాల నేర్సిందే సున్న. ఏది సున్ననో, ఏది కాదో నువ్వు చెప్తవా నాకు? గీ పిల్ల పని తీసెయ్యి, నీ డబ్బాలు రేపే బజార్ల ఉంటయ్."

మర్నాడు సుల్తానా పనికి వచ్చింది.

అవతల ఎత్తుకున్నదెవరో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. దయ్యమనండి, కరెంటు అనండి... తప్పు చదివానని మాత్రం నా ముందర అనకండి.

ఆ రాత్రి ముందు గదిలో ఉన్నది సుల్తానా, దామోదర్, యాదమ్మ అనే నేను. వెనక గదిలో ఎవరున్నారో... నేను రాయలేను.