పగుళ్ల మీద ర్యాకులు

దోహాలో, పాత పేట అయిన ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉన్న మా హార్డ్‌వేర్ కొట్టు తాత పెట్టింది. లైసెన్సు అర్బాబ్, అంటే మా అరబ్బు స్పాన్సర్ పేరు మీద, చాకిరీ మాత్రం మా ఇంటిల్లిపాదిదీ. భవనమూ అర్బాబ్ వాళ్ళదే. సముద్రపు రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన పాతకాలపు ఇల్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా అది చెక్కుచెదరలేదని నాన్నకు మహా గర్వం.

చెదరకేం, నిక్షేపంగా చెదిరింది. గోడకు పగులు కనబడితే మేము మేస్త్రీని పిలిచేవాళ్ళం కాదు. ఫిల్లర్ కూరి, దాని మీద నేల నుంచి కప్పు దాకా ఇనుప ర్యాకు బిగించి సామాను సర్దేసేవాళ్ళం. హార్డ్‌వేర్ కొట్టువాళ్ళకు మేస్త్రీ ఎందుకనేవాడు తాత. నాన్నకు అది వేదవాక్కు. నేను నసిగితే, "ఏం గాదు బిడ్డా, ఇంకో ర్యాకుకు జాగ దొరికింది" అని నవ్వేవాడు. గిరాకీలకూ అదే వైద్యం చెప్పి పంపేవాడు.

కిందటేడు రంగులు వేయిద్దామని మొదటిసారి వెనక గోడ ర్యాకులన్నీ తీసేశాం. ఆఖరి బోల్టులు నాన్నే విప్పాడు. చాయ్ వచ్చిందని చిన్నాన్న పిలిస్తే గుమ్మం దాకా నడిచాడు. అంతే, వెనక గోడ మొత్తం కూలిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుమ్ము తగ్గేసరికి, గోడ ఉండాల్సిన చోట పక్క సందులో ఆగిన కార్లు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఆ గోడను నిలబెట్టింది మా ర్యాకులేనా!

చిన్నాన్న నాన్నను రెక్క పట్టి బయటికి లాగాడు. "దేవుడే కాపాడిండన్నా" అంటూ ఏడ్చేశాడు. నాన్న వినిపించుకోలేదు. మొహం నిండా దుమ్ముతో ఫోన్ తీసి, మొన్ననే గోడ పగులు కోసమని మా దగ్గర ర్యాకు కొనుక్కుపోయిన నిర్మల్ ఊరి ఆయనకు చేశాడు. ఆయన కుటుంబంతో ఒక పాత విల్లాలో గది తీసుకుని ఉంటాడు.

"తమ్మీ, ఆ గోడ పక్కనే పిల్లల మంచం ఉందన్నవ్ గదా? ర్యాకు ముట్టకు. పిల్లల్ని తీస్కొని ఇప్పుడే బయటికి నడువు. నేను జెప్పింది తప్పు తమ్మీ."

నాన్న నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. ఫోన్ పెట్టేసి, ఇంకా ఎవరెవరికి చెప్పామో గుర్తు చేయమన్నాడు. రోడ్డు మీదే నిలబడి ముగ్గురం ఆలోచించాం. మొహాలు ఒకటొకటిగా గుర్తొస్తూనే ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరి నంబరూ మా దగ్గర లేదు.